గాలి బొమ్మ గీయాలని ఊరెళ్లాను

నా ఫోన్‌లో 11 సెకన్ల వాయిస్ మెసేజ్ ఒకటుంది. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు.

"బొమ్మలు బాగున్నాయి బావూ. గానీ నానెప్పుడేడిసినాను? మరి గాలేది? సినిమాలో గాలి నేదేటి?"

పంపింది మా మామ్మ. ఉంటున్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. పక్కింటి కుర్రాడు బటన్ నొక్కి పట్టుకుంటే ఆవిడ మాట్లాడింది. చివర్లో వాడి నవ్వు కూడా వినిపిస్తుంది.

ఆవిడ అంటున్న సినిమా నేను తీసింది. తీసింది అనకూడదేమో, గీసింది అనాలి. పగలు హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఎవరివో కార్టూన్లకి కాళ్లూ చేతులూ కదిలించే ఉద్యోగం. రాత్రిళ్లు ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి మా సొంత సినిమా. నిడివి 3 నిమిషాలు. కథ మా మామ్మదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మా కొబ్బరితోట పడిపోయింది. సినిమా చివర్లో ముసలమ్మ కూలిన చెట్టుని కౌగిలించుకుని ఏడుస్తుంది. ఆ ఒక్క కన్నీటి బొట్టు జారడానికే మూడు రాత్రులు పట్టింది. వెనకాల వయొలిన్. చూసిన ఫ్రెండ్సంతా "ఏడిపించేశావ్ రా" అని మెసేజ్‌లు పెట్టారు.

ఎవరి కథో ఆవిడకి మాత్రం అది తన కథలా అనిపించలేదు.

అందుకే సెలవు పెట్టి రైలెక్కాను. తిన్నగా పలాసలో దిగిపోవచ్చు. కానీ దిగలేదు. విజయనగరం నుంచి మొదలుపెట్టి ఆగుతూ ఆగుతూ వెళ్లాను. మనసుని కదిలించడం ఈ నేలకి కొత్త కాదు కదా, అడిగి నేర్చుకుందాం అనుకున్నాను.

ఏడుపు బొమ్మ వేరు, ఏడిపించే బొమ్మ వేరు

ముందు లెక్క చెప్తాను. సినిమాలో ఒక సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసే యానిమేషన్‌లో మామూలుగా ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడతారు. అంటే సెకనుకి 12 బొమ్మలు. 3 నిమిషాలకి 2,160. ఇంత చాకిరీ చేశాక చూసేవాళ్ల గుండెలో ఏదో ఒకటి జరగాలనిపించడం సహజం. అక్కడే పప్పులో కాలేస్తాం. బొమ్మ చేత ఏడిపిస్తే చాలు, చూసేవాళ్లూ ఏడుస్తారనుకుంటాం.

యానిమేషన్ అంటే పిల్లల వ్యవహారం అని మనవాళ్లలో ఇంకా చాలామంది అనుకుంటారు. తెలుగులో వచ్చిన 'కిట్టు'కి 2006 సంవత్సరానికి జాతీయ అవార్డు వచ్చిందంటే ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. 2025 జులైలో 'మహావతార్ నరసింహ' వచ్చాక ఆ ఆలోచన కాస్త కదిలింది. థియేటర్‌లో జనం భజన చేశారు, చేతులెత్తి దణ్ణం పెట్టారు. నేనూ చూశాను, ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. నరసింహస్వామి మీద ప్రేమ ఆ జనం గుండెల్లో ముందే ఉంది. ఉత్తరాంధ్రలో అయితే సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు వెతకాలి. సినిమా ఆ దీపం ఒత్తిని పైకి ఎగదోసింది. మా మామ్మ కొబ్బరిచెట్టు ఎవరికీ తెలీదు. దాని మీద ప్రేమ పుట్టించాలంటే సున్నా దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఆ పని చేసినవాళ్లున్నారు. 'అప్' సినిమా మొదట్లో భార్యాభర్తల జీవితమంతా కొద్ది నిమిషాల్లో, ఒక్క మాట లేకుండా గడిచిపోతుంది. ఇసావో తకహతా 1988లో తీసిన జపాన్ సినిమా 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'లో యుద్ధంలో దిక్కులేనివాళ్లైన అన్నాచెల్లెళ్లుంటారు. చూసినవాళ్లకి బాంబుల కంటే చాక్లెట్ల రేకు డబ్బా ఎక్కువ గుర్తుండిపోతుంది. తకహతా చిన్నప్పుడు ఒకయామా ఊరి మీద పడ్డ బాంబుల్లోంచి బతికి బయటపడ్డ మనిషి. మొన్న 2025లో ఆస్కార్ అందుకున్న 'ఫ్లో' చూడండి. వరదలో ఒక పిల్లి. సంభాషణలే లేవు. లాత్వియా అనే చిన్న దేశం కుర్రాడు గింట్స్ జిల్బలోడిస్, ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేశాడు. నా లాప్‌టాప్‌లోనూ అదే ఉంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ మీద నెపం పెట్టే దారి కూడా మూసుకుపోయింది.

విజయనగరం: కళ్లు మూసుకుని చూసే ఊరు

కోట దగ్గరున్న సంగీత కళాశాలకి పొద్దున్నే వెళ్లాను. 1919లో పెట్టిన కాలేజీ. మహారాజా విజయరామ గజపతిరాజు దీన్ని పెట్టడానికి వెనకాల ఒక కథ చెప్పుకుంటారు. తన దగ్గర పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదట. ఆ అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనే చివరికి అందరి కాలేజీ అయింది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు పాఠం చెప్పింది ఇక్కడే. ఘంటసాల ఇల్లిల్లూ తిరిగి మధూకరం అడుక్కుని తింటూ చదువుకున్నదీ ఇక్కడే. పి.సుశీల ఈ ఊరి ఆడపడుచు.

వరండాలో నిలబడితే ఒక గదిలోంచి వీణ, ఇంకో గదిలోంచి మృదంగం, ఎక్కడినుంచో గొంతు సాధన. ఎవరూ కనిపించరు. కానీ ఏ గదిలో కొత్తగా చేరినవాళ్లున్నారో, ఏ గదిలో చేయి తిరిగినవాళ్లున్నారో తెలిసిపోతోంది. ఒక గదిలో ఎవరో ఒకే గమకం దగ్గర పదే పదే తప్పుతున్నారు. ఈసారైనా పలకాలని నేను బయట నిలబడి కోరుకోవడం మొదలుపెట్టాను! మనిషి ముఖం చూడలేదు, పేరు తెలీదు. వినిపించినదాన్నిబట్టి నా పక్షం నేను తీసేసుకున్నాను.

నా సినిమాలో చేసిన తప్పు అక్కడ తట్టింది. గాలిని కళ్లకి చూపించాలని ఫ్రేము నిండా గీతలు గీశాను. గాలికి బొమ్మ లేదు. అది కదిలించే వస్తువులకే బొమ్మ ఉంటుంది. మిగతాది చెవి పని.

మా సౌండ్ చూసే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, వయొలిన్ తీసేద్దామన్నాను. బదులుగా ఏం పెట్టాలో కూడా ఇక్కడే దొరికింది. మా వైపు జముకుల కథ అని ఒకటుంది. జముకు అంటే కుంచం లాంటి గుండ్రటి వాయిద్యం. ఒక పక్క తోలు, దాని మధ్యలోంచి తీగ. తీగని బిగిస్తూ, వదులుతూ మీటితే శబ్దం కడుపులోంచి వచ్చినట్టుంటుంది. చిన్నప్పుడు ఊళ్లో రాత్రిపూట ఆ శబ్దం వింటే, కథ అర్థం కాకపోయినా ఏదో జరగబోతోందని తెలిసేది. తుఫాను ముందు గాలి బిగుసుకోవడం కూడా సరిగ్గా అలాగే ఉంటుంది.

సాయంత్రం మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్లాను. నేను వెళ్లింది జాతర రోజుల్లో కాదు. సిరిమాను మాత్రం చిన్నప్పుడు నాన్న భుజాల మీంచి చూశాను. దసరా తర్వాత వచ్చే మంగళవారం, ఆకాశంలోకి లేచిన పొడవాటి మాను చివర కుర్చీలో పూజారి కూర్చుంటాడు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగింపు. కింద లక్షల జనం, అరటిపళ్లు విసురుతూ. ఆ మాను కోసం చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. చెట్టు దొరికాక పసుపూ కుంకాలతో పూజ చేసి, ఆ తర్వాతే గొడ్డలి ఎత్తుతారు.

ఇది చాలాసార్లు విన్న సంగతే. ఈసారి వేరేగా తాకింది. ఇక్కడ ఒక చెట్టుని కొట్టాలంటే ముందు దాన్ని అడుగుతారు. మా తోటని తిత్లీ ఎవర్నీ అడగలేదు.

బస్సెక్కేముందు చాసో కథ 'వాయులీనం' ఫోన్‌లో మళ్లీ చదివాను. చాగంటి సోమయాజులు ఈ ఊళ్లోనే ఉండి రాశారు. భార్య జబ్బు ఖర్చుకోసం ఇంట్లో ఉన్న ఫిడేలు అమ్మేయాల్సి వచ్చిన సంసారం కథ అది. జబ్బు గురించి పేజీలు పేజీలు రాయలేదాయన. మన కళ్లన్నీ ఆ ఫిడేలు మీదే ఉంటాయి. జపాన్ సినిమాలో రేకు డబ్బా, విజయనగరం కథలో ఫిడేలు. బాధని చూపించలేం, అది ఏ వస్తువు మీద వచ్చి వాలిందో చూపించగలం. నా సినిమాలో అలాంటి వస్తువే లేదు.

శ్రీకాకుళం: కథలుండే ఇల్లు

శ్రీకాకుళంలో కథానిలయం ఎక్కడ అంటే ఆటో అన్నకి వెంటనే తెలిసింది. విశాఖ ఏ కాలనీలో ఒక మామూలు మేడ. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డుతో వచ్చిన డబ్బు దీనికే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. పాత వారపత్రికలు, మాసపత్రికలు, సంపుటాలు బీరువాల నిండా. చాలావాటిని స్కాన్ చేసి వెబ్‌సైట్‌లోనూ పెట్టారు. అంటే బస్సులో కూర్చుని మీరు ఎనభై ఏళ్లనాటి కథ చదువుకోవచ్చు. మాస్టారు 2021లో వెళ్లిపోయారు. ఇల్లు మాత్రం పనిచేస్తూనే ఉంది.

అక్కడ కూర్చుని ఆయన రాసిన 'యజ్ఞం' చదివాను. 1966 నాటి కథ. అది ఒక అప్పు తగువు. ఊరి పెద్దలు, పంచాయితీ, అసలెంత, వడ్డీ ఎంత, ఎవరి మాట న్యాయం. పేజీలకి పేజీలు లెక్కలే. యానిమేషన్ బడిలో అయితే 'ఇంత నెమ్మదిగా ఉంటే ఎవరు చూస్తారు' అని కొట్టేస్తారు. కానీ ఆ లెక్కలన్నీ మనం బుర్రలోకి ఎక్కించుకున్నాక చివరి దెబ్బ పడుతుంది. అదేమిటో ఇక్కడ చెప్పను, చదవనివాళ్లు చదవండి. నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఆ కథలో ఎవరూ మనల్ని ఏడవమని అడగరు. లెక్క తెలిసినవాడికి బరువు తెలుస్తుంది, అంతే.

ఇంకో సంగతి. నా సినిమాలో ముసలమ్మ "అయ్యో, నా చెట్టు కూలిపోయిందే" అంటుంది. పుస్తకం భాష. మా మామ్మ జన్మలో అలా మాట్లాడదు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లాలోనే, పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ జిల్లా మనిషినై ఉండి నేను మామ్మ నోట్లో సీరియల్ డైలాగ్ పెట్టాను. సిగ్గేసింది. నోట్‌బుక్‌లో ఆ లైన్ కొట్టేసి, పక్కన 'మాట వద్దు' అని రాసుకున్నాను.

గోడ చుట్టూ తిరిగితే సినిమా

మర్నాడు తెల్లవారకముందే అరసవిల్లి. ఇక్కడ ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయపు ఎండ గోపురం దాటి, మండపం దాటి వచ్చి సూర్యనారాయణమూర్తి పాదాల్ని తాకుతుంది. దానికోసం జనం చీకట్లోనే వచ్చి బారులు తీరతారు. నిలబడేది గంటలు. కిరణాలుండేది కొద్ది నిమిషాలు. మబ్బు పడితే అదీ లేదు. మేం లైటింగ్ అని లాప్‌టాప్‌లో వంద దీపాలు వెలిగిస్తాం. ఇక్కడ ఒక్క వెలుగే, రావాల్సిన సమయానికి, రావాల్సిన చోటికి. ముందంతా చీకటి ఉండబట్టే దానికి ఆ విలువ.

అక్కణ్నుంచి శ్రీకూర్మం. విష్ణుమూర్తి తాబేలు రూపంలో ఉన్న గుడి. స్వామి పడమటి వైపు చూస్తుంటాడు, ధ్వజస్తంభాలు రెండు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఆకుకూర నములుతూ కనిపిస్తాయి. పిల్లలతో వెళ్లినవాళ్లు ముందు అక్కడే ఆగిపోతారు. నేను వెళ్లింది ప్రదక్షిణ మండపం గోడల కోసం. గోడల మీద పాత రంగుల చిత్రాలు. చాలాచోట్ల వెలిసిపోయాయి. కొన్నిచోట్ల చేయి ఉంది, ముఖం లేదు. రథం ఉంది, గుర్రాలు లేవు.

ఒకసారి చుట్టూ తిరిగాను. రెండోసారి వేగం తగ్గించి తిరిగాను. అప్పుడు అర్థమైంది. యానిమేషన్‌లో మనం కూర్చుంటాం, బొమ్మలు కదులుతాయి. ఇక్కడ బొమ్మలు నిలబడి ఉంటాయి, మనం కదులుతాం. కథ నడిచే వేగం మన కాళ్లలో ఉంది. నా ముందు నడుస్తున్న ఒక పెద్దావిడ వెలిసిపోయిన బొమ్మ దగ్గర ఆగి, దానికి కూడా దణ్ణం పెట్టుకుని వెళ్లింది. అక్కడ ఏ దేవుడున్నాడో ఆవిడకి తెలుసో లేదో నాకు తెలీదు. గోడ మీద లేనిదాన్ని ఆవిడ మనసు నింపుకుంది. నేనైతే ప్రతి కొబ్బరాకునీ గీశాను. చూసేవాళ్లు నింపుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

సీతంపేట: ఒప్పుకునేదాకా గీయడం

పాలకొండ మీదుగా సీతంపేట బస్సు. 2022లో జిల్లాలు మారాక ఇది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు శ్రీకాకుళమే. కొండలు దగ్గరయ్యేకొద్దీ గాలి చల్లబడింది. ఇది సవరల నేల. గిడుగు రామమూర్తి ఈ భాష నేర్చుకోవడానికి సవర మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. తర్వాత ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు.

సవరల గోడ బొమ్మలు మీరు ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపు. మనుషులంటే రెండు త్రికోణాలు కలిసినట్టు సన్నటి నడుములు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. చెట్లు, నెమళ్లు, గుర్రాలు, ఏనుగులు. ఇప్పుడు బట్టల మీద, కాన్వాస్ మీద కూడా వేస్తున్నారు. కానీ అసలు ఇది అలంకారం కాదు. చనిపోయిన పెద్దలకో, ఏదో దేవతకో ఇంట్లో ఇచ్చే చోటు. ఒడిశా వైపు సవరల మధ్య తిరిగిన వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన తన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల తీరు వివరంగా రాశాడు. బొమ్మ వేశాక, ఎవరికోసం వేశారో వాళ్లు ఒప్పుకోవాలి. ఏదైనా తక్కువైందంటే అది చేర్చాలి.

నేను చదువుతూ పైకే నవ్వేశాను. 'నానెప్పుడేడిసినాను? గాలేది?' సరిగ్గా ఇదే కదా! నేను ఎవరికోసం బొమ్మ వేశానో ఆవిడ ఒప్పుకోలేదు. ఏం తక్కువైందో కూడా చెప్పింది. ఫ్రెండ్స్ పెట్టిన యాభై హార్ట్ ఎమోజీల కంటే ఆ 11 సెకన్లు ఎక్కువ పని చేశాయి.

ఆ బొమ్మల ముఖాల్లో కళ్లూ, ముక్కూ, కన్నీళ్లూ ఏవీ ఉండవు. ఒక వరసలో చేతులు పట్టుకుని నిలబడ్డ తీరు చూస్తే చాలు, పండగో చావో తెలిసిపోతుంది. నిలబడే తీరులోనే అంతా ఉంది. ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ముసలమ్మ బొమ్మ మళ్లీ గీశాను. వీపు మాత్రమే కనిపించేలా.

ఉద్దానం: గాలి ఆగిన సమయం

పలాసలో దిగితే జీడిపిక్కలు కాలుస్తున్న వాసన. అక్కణ్నుంచి ఊరికి ఆటో. ఉద్యానవనం లాంటి నేల కాబట్టి ఉద్దానం అయిందంటారు. ఇప్పుడు బయటివాళ్లకి ఈ పేరు వింటే కిడ్నీ జబ్బే గుర్తొస్తోంది. అదీ నిజమే, ఆ బాధ లేని ఊరు లేదు. కానీ మాకు ఉద్దానం అంటే ముందు కొబ్బరి, జీడి, పనస. ఒక కొబ్బరిమొక్క కాపుకి రావడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత మనిషి జీవితమంతా కాస్తుంది. అందుకే ఇక్కడ చెట్టుని కొడుకుతో పోలుస్తారు. ఆ మాట కవిత్వం కోసం అన్నది కాదు, ముసలితనంలో అన్నం పెట్టేది ఆ చెట్టే.

మామ్మ అరుగు మీద కూర్చుని చీపురు కోసం ఈనెలు చీలుస్తోంది. ఈసారి నేను సినిమా చూపించలేదు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టి, "ఆ రోజు ఏమైంది మామ్మా?" అన్నాను. సినిమా గీయకముందు అడగాల్సిన ప్రశ్న. మూడేళ్లు ఆలస్యంగా అడిగాను.

"రేతిరి కుక్కలు అరవనేదు," అని మొదలుపెట్టింది. నేనైతే కుక్కల అరుపులు పెట్టాను. "ముందు తలుపు గడియ కొట్టుకున్నాది. టకటకటక. ఎవులో వచ్చినారనుకున్నాను. తరవాత రేకు ఎగిరిపోనాది. కొబ్బరి మట్టలన్నీ ఒక పక్కకే, ఆడదాని జుట్టు ఇరబోసుకున్నట్టు."

"తర్వాత?"

"తరవాత ఆగిపోనాది. అయిపోనాదనుకున్నాం. ఆకు కదిల్తే ఒట్టు. మీ సిన్నాన్న బయటికెల్తానన్నాడు, చెయ్యి పట్టుకున్నాను. మల్లీ వచ్చింది బావూ, ఈపాలి అటుపక్కనుంచి. ఆ రెండోదానికే పోనాయి సెట్లు."

తుఫానుకి మధ్యలో కన్ను ఉంటుంది. అది మీంచి దాటేటప్పుడు గాలి ఆగిపోతుంది. కన్ను దాటాక గాలి ఎదురు దిశనుంచి తగులుకుంటుంది. బళ్లో చదువుకున్నదే. కానీ నా సినిమాలో గాలి మొదట్నుంచి చివరిదాకా ఊదుతూనే ఉంది. అసలు భయం ఆ ఆగడంలో ఉంది. యానిమేషన్‌లో బొమ్మని కదలకుండా నిలబెట్టడాన్ని హోల్డ్ అంటాం. అన్నిటికంటే తక్కువ పని, అన్నిటికంటే ఎక్కువ ధైర్యం కావాల్సిన పని. ఆ తుఫానుకి పెట్టిన పేరు తిత్లీ, అంటే సీతాకోకచిలుక. రెక్క ఇటు ఒకసారి, అటు ఒకసారి.

"తెల్లారేక ఏం చేశావ్?"

"ఏటి సేస్తాను? తోటలోకెల్లి లెక్కెట్టినాను. ఒకటి, రెండు, మూడు... పదిహేడు దాకా లెక్కెట్టినాను. మరి లెక్కెట్టనేదు. వచ్చేసి పొయ్యి ముట్టించినాను. కర్రలు తడిసిపోనాయి, ఒకటే పొగ."

"పదిహేడు దగ్గర ఎందుకు ఆపేశావ్?"

ఈనె చీల్చడం ఆపలేదు. "ఆ తరవాతది మీ నాన్న పుట్టినపుడు మీ తాత పాతింది."

నేను రికార్డర్ ఆపేశాను.

రెండో సినిమా

హైదరాబాద్ వచ్చాక మొదటి సినిమాలో దాదాపు అంతా తీసేశాం. ఇప్పుడు తలుపు గడియతో మొదలవుతుంది. గడియ కొట్టుకునే చప్పుడు, కింద జముకు తీగ బిగుసుకోవడం. తుఫాను మనకి తలుపు సందులోంచే కనిపిస్తుంది. మధ్యలో 9 సెకన్లు ఏదీ కదలదు. ఏదో పాడైంది, వీడియో ఆగిపోయిందనుకుని చూసేవాళ్లు స్క్రీన్‌ని తాకేంత సేపు. తర్వాత తెల్లవారడం. వీపు కనిపిస్తున్న ముసలమ్మ పడ్డ చెట్ల మధ్య నడుస్తూ ఒక్కో మొద్దునీ చేత్తో తాకుతుంది. వెనకాల మామ్మ గొంతే, ఆ రోజు అరుగు మీద రికార్డ్ చేసింది. ఒకటి, రెండు, మూడు. పదిహేడు తర్వాత చేయి గాల్లో ఆగుతుంది. తడి కట్టెల పొగ. అయిపోయింది. కన్నీళ్లు లేవు, వయొలిన్ లేదు.

ఫ్రెండ్స్‌లో సగంమంది పాతదే బాగుందన్నారు. ఒకడు "ఎండింగ్ ఏది రా?" అన్నాడు. వాళ్లని తప్పుపట్టను. మొదటిదాంట్లో ఎక్కడ ఏడవాలో చెప్పాను, ఇందులో చెప్పలేదు. ఇది గొప్ప సినిమా అనడం లేదు. కనీసం అబద్ధం లేని సినిమా.

మీలో ఎవరైనా ఇలాంటిదేదో గీయాలనుకుంటే నాకు తెలిసింది ఒక్కటే చెప్తాను. లాప్‌టాప్ తెరిచేముందు ఊరెళ్లి అడగండి. ఎలా ఏడ్చారని అడగొద్దు, ఆ రోజు పొద్దున్నే ఏం పని చేశారని అడగండి.

ఈసారి వాట్సాప్‌లో పంపలేదు. మళ్లీ వెళ్లాను. అరుగు మీద పక్కన కూర్చుని ఫోన్ మామ్మ చేతికిచ్చాను. గడియ చప్పుడుకి ఆవిడ తల తిప్పి మా ఇంటి తలుపు వైపు చూసింది. గాలి ఆగినప్పుడు నా మణికట్టు పట్టుకుంది. తర్వాత తన గొంతే లెక్కపెడుతుంటే మోకాలి మీద వేలితో తాళం వేసినట్టు కొడుతూ వచ్చింది. పదిహేను. పదహారు. పదిహేడు.

సినిమాలో చేయి ఆగిపోయింది. మామ్మ వేలు కూడా ఆగింది. పొగ లేచింది. స్క్రీన్ నల్లబడింది. పక్కింట్లో ఎవరో కొబ్బరికాయ కొడుతున్న చప్పుడు.

వేలు నెమ్మదిగా దించింది.

"పద్దెనిమిది," అంది.

తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, "లే, కాళ్లు కడుక్కో, అన్నం తిందువుగాని" అంటూ లోపలికి వెళ్లిపోయింది.